కాజాలు మాత్రమే మిగిలాయట

చిక్కడపల్లి, హైదరాబాదు
20 జనవరి 2025

చెల్లాయి ప్రభావతికి,

ముందు నా రాత సంగతి చెప్పుకోవాలి. నలభై ఏళ్లు గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీసిన చెయ్యి ఇది. కాగితం మీద గుండ్రంగా తిరగమంటే తిరగడం లేదు. మన ఊరి బళ్లో ఐదో తరగతి దాకా చదివిన చదువు. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే నువ్వే తగిలించుకుని చదువుకో. ఏమీ అనుకోకు.

నీకు ఫోను మాటలు వినపడటం మానేశాక ఆదివారాలు తోచడం లేదు. మీ అబ్బాయి సుధీంద్ర ఫోనెత్తి, "అమ్మ బాగానే ఉంది మావయ్యా" అంటాడు. నేను "ఊఁ" అంటాను. అక్కడితో సరి. నాకు మాటలు రావని నీకు తెలుసు. ఇన్నాళ్లూ మాట్లాడింది నువ్వే కదా.

అసలు సంగతి ఇది. శ్రుతిక అని ఒక కొత్త ఫోను వస్తోంది. అవతలి మనిషి మాట్లాడుతుంటే ఆ మాటలు అప్పటికప్పుడు పెద్ద పెద్ద తెలుగు అక్షరాలై అద్దం మీద పడతాయట! నేనిక్కడ మాట్లాడితే నువ్వు రేపల్లెలో చదువుకుంటావు. నారాయణగూడ చౌరస్తాలో ఫోన్ల కొట్టు ముందు ఆ బొమ్మ చూసి నిలబడిపోయాను. వెనక ఆటోవాడు హారన్ కొట్టినా కదల్లేదు. ఇంటికొచ్చి మా కోడలు నవతకి చెప్పాను. ఆ పిల్ల నిమిషంలో నీ పేరున బుక్ చేసేసింది. "పరేషాన్ గాకు మామయ్యా. ఇరవై ఆరుకు వస్తది. చిన్నత్తమ్మతోని ఎంతసేపైనా ముచ్చట పెట్టుకో" అంది.

కాబట్టి చెవి మిషను కోసం నువ్వు తెనాలి తిరగక్కర్లేదు. వారం ఓపిక పట్టు. నాకైతే కాలు ఒకచోట నిలవడం లేదు.

జవాబు వెంటనే రాయి.

మీ అన్నయ్య
బుచ్చిబాబు


రేపల్లె
27 జనవరి 2025

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఒత్తులు తగిలించుకున్నాను. రెండు మిగిలిపోయాయి, తిరిగి పంపనా? నువ్వింత పొడుగు ఉత్తరం రాస్తావని తెలిస్తే ఎప్పుడో చెవిటిదాన్నయి ఉండేదాన్ని.

ఫోను సంగతి వీధి వీధంతా చెప్పేశాను. పక్కింటి వరలక్ష్మిగారు వచ్చి నోరు కదిపింది. "వచ్చే వారం నుంచి నువ్వేమన్నా నాకు అక్షరాల్లో పడుతుంది, జాగ్రత్త" అన్నాను. మూతి బిగించుకుని వెళ్లిపోయింది.

తెనాలి డాక్టరు పండగ ముందు చూసి కాగితం మీద రాసిచ్చాడు. ఎడమ చెవి దాదాపు పోయిందట. కుడిచెవి కొంత పనిచేస్తోందట. ఇప్పుడే మిషను పెట్టుకుంటే ఉన్నది నిలుస్తుంది, ఆలస్యమైతే మాటలు పోల్చుకునే అలవాటే తప్పిపోతుంది అన్నాడు. నాకా మిషను ఇష్టం లేదు అన్నయ్యా. వరలక్ష్మిగారి అత్తకి పెట్టారు, అది ఈల వేస్తుందట. నీ ఫోను వస్తుంటే ఇంకా దానితో పనేముంది? ఈ బుధవారం రమ్మంటే రానని సుధీంద్ర చేత చెప్పించాను.

ఇరవై ఆరు నిన్ననే వెళ్లిపోయింది. ఫోను బయలుదేరిందా? ఏ రంగు?

నీ చెల్లెలు
ప్రభ


చిక్కడపల్లి
8 ఫిబ్రవరి 2025

ప్రభా,

అక్షరాలు ఈసారి కొంచెం కుదురుగా పెట్టాను. చూడు.

ఫోను బయలుదేరలేదు. కంగారు పడకు, కారణం మంచిదే. కంపెనీవాళ్లు నవత ఫోనుకి ఉత్తరం పంపారు. "మీ అపూర్వ ఆదరణకు కదిలిపోయాం. ప్రతి శ్రుతికా మీ చేతికి అత్యుత్తమంగా అందాలన్న తపనతో మరికొంత సమయం తీసుకుంటున్నాం" అని. నాలుగుసార్లు చదివించుకున్నాను. ఎంత మర్యాదగా రాశారు! ఫిబ్రవరి ఆఖరుకు ఖాయం.

నవత మాత్రం, "గివన్నీ కహానీలు మామయ్యా. తయారుంటే ఇయ్యకుంట దాసుకుంటరా?" అంది. నేను కసిరాను. అంత పెద్ద కంపెనీకి అబద్ధం ఏం అవసరం? అబద్ధాలు మాలాంటి ఇరుకు కొట్లవాళ్లకి కావాలి గానీ.

నేను నారాయణగూడ కొట్టుకి వెళ్లి ఫోను కళ్లారా చూశాను కూడా. అద్దాల పెట్టెలో పెట్టారు, నీలం రంగు. ముట్టుకుంటానంటే కొట్టు ఫణీంద్ర, "అంకుల్, అది చూసుడే, పట్టుడు లేదు" అన్నాడు.

నేను తయారవుతున్నాను. నీతో ఏం మాట్లాడాలో చీటీల మీద రాసుకుంటున్నాను. పొద్దున్నే మేడ మీదికి వెళ్లి పేపరు గట్టిగా చదువుతున్నాను, గొంతు అలవాటు పడాలని. కింద అశోక్ నగర్ లైబ్రరీకి వెళ్లే పిల్లలు తలెత్తి చూస్తున్నారు. ఈ ముసలాయన ఏ గ్రూపు పరీక్షకి చదువుతున్నాడో అనుకుంటారు కాబోలు.

డాక్టరు సంగతి రాశావు. ఇంకో మూడు వారాలే కదా, నీ ఇష్టం.

వెంటనే జవాబు రాయి.

అన్నయ్య


రేపల్లె
15 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

తపన అన్నమాట! బాగుంది. మా పాలవాడికీ తపన ఎక్కువే, అందుకే పాలల్లో అన్ని నీళ్లు.

మూడు వారాలే అన్నావు కనుక మార్చి దాకా డాక్టరు మాట ఎత్తొద్దని సుధీంద్రకి చెప్పేశాను. వాడు కాగితం మీద "మావయ్య ఫోను మావయ్య దగ్గరే ఉండనీ, ముందు నీ చెవి చూపించుకో" అని రాసి చూపించాడు. చించి పొయ్యి దగ్గర పడేశాను. మీ అందరికంటే మా అన్నయ్య మాట నాకెక్కువ.

నిన్న కుక్కరు పొయ్యి మీద పెట్టి ఈలలు లెక్కపెడదామని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా ఒక్క ఈలా రాలేదు. తీరా చూస్తే పప్పు మాడి మసైంది. నవ్వుకున్నాను గానీ, తర్వాత నవ్వు రాలేదు.

ఒక్క మాట. బుక్ చేసిన చీటీ నువ్వు చూశావా? ఏమని ఉంది దాని మీద? రాయి.

ప్రభ


చిక్కడపల్లి
4 మార్చి 2025

ప్రభా,

చీటీ కాగితం కాదట. నవత ఫోన్లోనే ఉందట. నేను చూడలేదు, ఆ పిల్ల చూసింది.

ఫిబ్రవరి ఆఖరు దాటింది. మళ్లీ ఉత్తరం వచ్చింది. అద్దాలు పైదేశం నుంచి ఓడలో రావాలట, ఆ ఓడ ఆలస్యమైందట. ఫోను మాత్రం పూర్తిగా సిద్ధమట. చివరి పరీక్షలొక్కటే మిగిలాయట. ఇంకెంతలే, జాకెట్టుకి కాజాలు కుట్టినంత పని. ఉగాదికి ఖాయం. పచ్చడి తిని ఫోను పట్టుకుంటావు చూడు!

నా చీటీలు ముప్పై దాటాయి. దారంతో గుచ్చి మేకుకి తగిలించాను.

జవాబు రాయి.

అన్నయ్య


రేపల్లె
10 మార్చి 2025

అన్నయ్యా,

కాజాలు కుట్టినంత పని అని రాశావు చూడు, అక్కడ దొరికిపోయావు.

నీ కొట్లో నేను ఎన్ని వేసవులు కూర్చోలేదు? ఆడవాళ్లు వచ్చి "అయిందా బుచ్చిబాబూ" అంటే, "కాజాలొక్కటే మిగిలాయమ్మా" అనేవాడివి. వాళ్లటు వెళ్లగానే బల్ల కింద చూసేదాన్ని. గుడ్డ ఇచ్చినది ఇచ్చినట్టే మడతలో ఉండేది. కరెంటు లేదు, లైనింగు దొరకలేదు, గుడ్డ నానబెట్టాను ఇంకా ఆరలేదు. ఆ కథలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు అవే కథలు ఓడ పేరు చెప్పి నాకే చెబుతున్నావు.

నువ్వు ఫోను బుక్ చేయలేదు. చీటీ నువ్వు చూడలేదట, కోడలు చూసిందట! ఏ ఇబ్బంది వచ్చిందో ఏమో, చెప్పడానికి సిగ్గుపడి ఉంటావు. లేదు చెల్లీ అంటే నేనేమైనా అంటానా?

మొన్న వీధిలో నడుస్తుంటే వెనక సుధీంద్ర ఆరుసార్లు పిలిచాడట, కుడివైపు నుంచే. నేను తిరగలేదట. వాడు పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు చూసి, ఏమైందిరా అని నేనే అడిగాను.

అబద్ధమైనా నువ్వు చెప్పావని ఇన్నాళ్లు కూర్చున్నాను.

ప్రభ


చిక్కడపల్లి
18 మార్చి 2025

ప్రభా,

ఆదివారం జరిగినదంతా చెబుతాను. నేనింత రాయడం నాకే వింతగా ఉంది.

ముందు దీంతో పాటున్న కాగితం చూడు. బుకింగ్ చీటీ. అశోక్ నగర్ జిరాక్సు కొట్లో తీయించాను. నీ పేరుంది, జనవరి తేదీ ఉంది. నిన్ను మోసం చేయలేదు.

కానీ నీ ఉత్తరం చదివాక కంపెనీవాళ్ల ఉత్తరాలు రెండూ మళ్లీ చదివించుకున్నాను. ఒక్కొక్క ముక్కకీ చెవులు కాలిపోయాయి. గిరాకీ ఎక్కువైంది, అది నా మాటే. బాగా రావాలనే ఆలస్యం, అదీ నాదే. లైనింగు దొరకలేదు అనేవాణ్ణి, వాళ్లు అద్దాలన్నారు. చివరి పరీక్షలొక్కటే! ప్రభా, నలభై ఏళ్లు ఊరందరికీ ఇదే చెప్పాను, నా దగ్గరికే వచ్చేసరికి పోల్చుకోలేకపోయాను. నా అబద్ధం మంచి బట్టలు వేసుకుని వస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టాను.

అప్పుడు విద్యావతి టీచరుగారు గుర్తొచ్చారు. దోమలగూడ నుంచి నడిచి వచ్చేవారు. ఆవిడొక్కరే నన్ను పట్టుకున్న మనిషి. ఎప్పుడిస్తావని ఏనాడూ అడగలేదు. "జాకెట్టు తర్వాత ఇద్దువుగాని, మిగిలిన ముక్క ఇయ్యి బాబూ" అనేవారు. కత్తెర పడి ఉంటే ముక్క మిగిలి ఉండాలి కదా. ముక్క లేదంటే గుడ్డ మడతే విప్పలేదన్నమాట. నేను తల వంచుకుని, ఆవిడ ముందే గుడ్డ బల్ల మీద పరిచేవాణ్ణి.

ఆదివారం నారాయణగూడ కొట్లో కంపెనీవాళ్లు మీటింగు పెట్టారు. నవతని తీసుకుని వెళ్లాను. బుక్ చేసిన వాళ్లు డెబ్బై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది నా వయసువాళ్లే. సింధూర అని కంపెనీ అమ్మాయి మైకు పట్టుకుంది. పాతికేళ్లు ఉంటాయేమో. పక్కన తెర మీద ఓడ బొమ్మ.

ముషీరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన లేచి, "మీ ఓడ ఇంక సముద్రంలనే ఉన్నదా మేడం? రెండు నెలల సంది ఈత కొడుతున్నదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఫోన్ పూర్తిగా రెడీగా ఉంది సర్. ఫైనల్ టెస్టింగ్ మాత్రమే మిగిలింది" అంది.

నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు. ఫణీంద్ర, "అంకుల్, జర కూసోండ్రి. అడుగుడు లాస్ట్‌ల" అన్నాడు. నవత అంది, "నువ్వే కూసో అన్నా. మా మామయ్య సంవత్సరానికి ఒక్కసారి మాట్లాడతడు. మాట్లాడనియ్యి."

మైకు నా చేతిలో పెట్టారు.

"అమ్మా, నాకిప్పుడు ఫోను వద్దు" అన్నాను. హాలంతా నా గొంతే వినపడితే అదిరిపడ్డాను. "ఫోనుతో పాటు తెలుగు పుస్తకం ఇస్తారు కదా, ఎలా వాడాలో రాసి ఉండేది. అదివ్వండి. మా చెల్లెలు ముందు చదువుకుంటుంది."

"పుస్తకం ఫోన్ బాక్సులోనే వస్తుంది సర్."

"బాక్సు ఇవ్వండి. ఖాళీది చాలు."

ఆ అమ్మాయి ఫణీంద్ర వంక చూసింది. ఫణీంద్ర పైకప్పు వంక చూశాడు.

"పోనీ ఆ అద్దాల పెట్టెలో ఉన్నది ఒకసారి నా చేతిలో పెట్టండి. గుడ్డ పట్టుకుంటే ఎన్ని గజాలో చెప్పే చెయ్యి అమ్మా ఇది."

"ఇయ్యిండ్రి, పెద్దమనిషి అడుగుతుండు కదా" అని వెనక నుంచి కేకలు. పెట్టె తెరిచారు. ఫోను నా అరచేతిలో పెట్టారు. ప్రభా, దువ్వెనంత బరువు! లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల. పెళ్లిళ్ల రోజుల్లో మా కొట్లో పెద్ద పెద్ద కుట్లు వేసిన సగం కోటు ఒకటి మేకుకి ఉండేది గుర్తుందా? వచ్చిన పెళ్లికొడుకులందరికీ నీదే నీదే అని చూపించేవాణ్ణి. నేను నవ్వేశాను. ఆపుకోలేకపోయాను.

"ఏమైంది సర్?" అంది.

"ఏం లేదమ్మా. నేను దర్జీని" అన్నాను.

అర్థం చేసుకోవడానికి జనానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఎంత నవ్వారో! "పుస్తకం చూపెట్టుండ్రి! డబ్బా చూపెట్టుండ్రి!" అని డెబ్బై మందీ ఒకటే గోల. నవత అందరికంటే గట్టిగా అరిచింది.

సింధూర మైకు కింద పెట్టేసింది. కుర్చీలో కూర్చుంది. మామూలు గొంతుతో చెప్పింది, అందరూ ముందుకి వంగి విన్నారు. "తెలుగు అవ్వలేదండీ. మొదలుపెట్టి ఆపేశాం. పెద్దవాళ్ల మాట దానికి అర్థం కావడం లేదు. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఇది నేను చెప్పకూడదు."

ఎవరూ తిట్టలేదు. ముషీరాబాద్ ఆయన లేచి వెళ్లి మంచినీళ్ల సీసా ఇచ్చాడు. "ఈ ముక్క జనవరిలనే చెప్తే అయిపోవు కదమ్మా" అన్నాడు, అంతే.

బయటికొచ్చాక నలుగురు నాతో చెయ్యి కలిపారు. ఒకాయన చాయ్ ఇప్పించాడు. ఇంటిదాకా నడిచే వచ్చాను, బస్సు ఎక్కాలని తోచలేదు.

ఇక ఆగకు ప్రభా. ఆ ఫోను లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లు. మూడు వారాలే, నీ ఇష్టం అని రాసింది నేనే. నీ ఉత్తరంలో డాక్టరు మాట ఉందని చదివాను, చదివి పక్కన పెట్టాను. ఆ తప్పు కంపెనీది కాదు.

వెంటనే, వెంటనే రాయి.

అన్నయ్య


రేపల్లె
24 మార్చి 2025

అన్నయ్యా,

నువ్వా! మైకులోనా! ఉత్తరం సుధీంద్రకిచ్చి పైకి చదవమన్నాను. వాడి పెదాలు చూస్తూ మళ్లీ మొదటి నుంచి నవ్వాను. వరలక్ష్మిగారికీ చూపించాను. నిన్ను అనుమానించినందుకు చెంపలు వేసుకుంటున్నాను. చీటీ దేవుడి గూట్లో పెట్టాను.

ఆ పిల్ల సింధూర మంచిది. నిజం చెప్పింది. కనుక నేను బాగా ఆలోచించాను. ఏడాదే కదా, ఆగుతాను. మన బుకింగు అలాగే ఉంచు. ఇప్పుడు ఎండలు కూడా ముదిరాయి, తెనాలి బస్సులో ప్రాణం పోతుంది. సుధీంద్రకి ఏప్రిల్‌లో సెలవు దొరకదు. మామిడికాయ వచ్చే వేళ ఇల్లు వదలడమూ కుదరదు. అవన్నీ అయ్యాక, తొలకరి పడ్డాక చూద్దాం. డాక్టరు ఎక్కడికీ పోడు.

నువ్వు మాత్రం ఇలాగే రాస్తూ ఉండు.

ప్రభ


చిక్కడపల్లి
29 మార్చి 2025

ప్రభా,

నీ ఉత్తరంలో ఎండ ఒకటి, సెలవు ఒకటి, మామిడికాయ ఒకటి. పైన ఏడాదే కదా అని ఒకటి. ఒక్క ఆలస్యానికి నాలుగు కారణాలు చెప్పేవాడి సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పాలవాడి తపన వెంటనే పట్టేశావు. నీ తపన నాకు కనపడదా?

ఒక మాట ఎవరికీ చెప్పలేదు, నీకు రాస్తున్నాను. బద్ధకంతో నేను గుడ్డ మడత విప్పకుండా ఉన్నది తక్కువే. మంచి పట్టు చేతికొస్తే భయం వేసేది. కత్తెర పెట్టానంటే ఇక తిరిగి కలపలేను. పెట్టనంతసేపూ అది బాగా కుదురుతుందనే అనుకోవచ్చు. అందుకని రేపు, ఎల్లుండి అనేవాణ్ణి. నీ భయం మిషను ఈల వేస్తుందని కాదు. పెట్టుకున్నాక కూడా వినపడకపోతే ఏమిటని. అవునా, కాదా?

నాకూ ఆ భయం ఉంది. అయినా బుకింగు తీసేయించాను. నవత అడిగింది, "పక్కానా మామయ్యా?" అని. పక్కా అన్నాను.

సుధీంద్రకి ఫోను చేశాను. నేనే మాట్లాడాను, ఏడు నిమిషాలు. వాడు మధ్యలో "మావయ్యా, నువ్వేనా?" అన్నాడు. ఏప్రిల్ నాలుగు శుక్రవారం తెనాలి డాక్టరు రమ్మన్నాడట. బస్సు వద్దు, కారు మాట్లాడమన్నాను. సెలవు లేకపోతే వాడు ఆఫీసుకి వెళ్లొచ్చు, నీ పక్కన నేనుంటాను. గురువారం బండికి టిక్కెట్టు తీశాను, సాయంత్రానికి మీ గుమ్మంలో ఉంటాను. కోఠీలో రెండు వందల పేజీల పుస్తకమూ, లావు ములికి ఉన్న పెన్నులు రెండూ కొన్నాను. డాక్టరు నోట్లోంచి మాట రాగానే పెద్ద అక్షరాలతో రాసి నీ ముందు పెడతాను. ఆయన ఏదైనా నసిగితే మళ్లీ అడుగుతాను. ఈ మధ్య నాకు అడగడం వచ్చింది.

ఉగాది రేపే. ఇది నీకందేసరికి పచ్చడి తినేసి ఉంటావు.

దీనికి జవాబు వెంటనే రాయి. నన్ను తిట్టాలన్నా తిట్టు, రానన్నా రానని రాయి. కానీ పోస్టులో వేయకు, అది ఇక్కడికి చేరేసరికి నేనక్కడ ఉంటాను. రాసి నీ దగ్గరే ఉంచుకో. గురువారం కాళ్లు కడుక్కుని వచ్చి, నీ ఎదురుగా కూర్చుని చదువుకుంటాను.

అన్నయ్య